పాసు మీద ఆరు దేశాలు

బిలాస్‌పూర్ స్టేషన్‌లో దిగి బుధవారి బజారు వైపు నడిస్తే తెలుగు చెవిన పడటానికి ఎంతోసేపు పట్టదు. చింతపండు బేరమాడే గొంతులో శ్రీకాకుళం యాస వినిపిస్తుంది, ధర తేల్చే దగ్గర హిందీలోకి మారిపోతుంది. బారా ఖోలిలో సోలాపురి మాత పూజ చేసేది ఇక్కడి తెలుగువాళ్లే. వీళ్లలో చాలామంది ముత్తాతలో తాతలో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ రోజుల్లో వచ్చినవారు. 1887లో పుట్టిన ఆ కంపెనీ 1891 నాటికి నాగపూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్ దాకా పట్టాలు పరిచింది. తర్వాత వాల్తేరు – కటక్ లైను దాని చేతికి వచ్చింది. 1931లో రాయపూర్ – విజయనగరం లైను పూర్తయింది. ఇటు కొలువులు, అటు మనుషులు, మధ్యలో ఒకే కంపెనీ రైలు. బొబ్బిలి, పార్వతీపురం, పలాస వైపు కుర్రాళ్లు గ్యాంగ్‌మన్లుగా, ఖలాసీలుగా, ఫైర్‌మన్లుగా ఖరగ్‌పూర్‌కీ చక్రధర్‌పూర్‌కీ బిలాస్‌పూర్‌కీ వచ్చేశారు. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకి ఈ ఊరే ప్రధాన కేంద్రమైంది. కోర్బా బొగ్గు ఈ డివిజన్ పట్టాల మీదే దేశానికి పోతుంది.

ఈసారి నేను వెళ్లింది ఆ వలస చరిత్ర కోసం కాదు. మా విజయనగరం మిత్రుడి మేనల్లుడు ఇక్కడ గూడ్స్ లోకో పైలట్. ఆయన కూతురు జర్మనీలో కార్ల్స్‌రూహెలో మాస్టర్స్ చదువుతోంది. సెమిస్టర్ సెలవుల్లో ముగ్గురు స్నేహితులతో కలిసి రైళ్లలో యూరప్ తిరిగి, ఆ తర్వాత ఇంటికి వచ్చింది. ఆ ప్రయాణం వివరాలు మిత్రుడు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచీ ఆ అమ్మాయితో మాట్లాడాలని నాకు మనసు పీకుతూనే ఉంది. మన పిల్లలు యూరప్ వెళ్లి ఈఫిల్ టవర్ ముందు ఫొటో దిగి రావడం కొత్త కాదు. ఈ అమ్మాయి పారిస్ వెళ్లలేదు. జ్యూరిచ్ పక్కన షిలీరెన్ అనే ఊరు చూసొచ్చింది. ఎందుకో నాకు తెలుసుకోవాలనిపించింది.

వరండా ఉన్న పాత క్వార్టర్. గుమ్మం పక్కన తండ్రిగారి పాత లైన్ బాక్స్, డ్యూటీకి తీసుకెళ్లే పెట్టె. ఆయన అప్పటికి డ్యూటీ నుంచి ఇంకా రాలేదు. తాతగారు వాలుకుర్చీలో ఉన్నారు. స్టీమ్ ఇంజన్ల మీద ఫైర్‌మన్‌గా చేరి, ఎలక్ట్రిక్ డ్రైవర్‌గా రిటైరైన మనిషి. "రా బాబూ, కూకో. విజీనారం నుంచేనా? వైజాగ్ బండి టైముకొచ్చిందేటి?" అని మొదటి ప్రశ్న. రైల్వే ఇళ్లలో యోగక్షేమాలకన్నా ముందు బండి టైము అడుగుతారు.

అమ్మాయి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో పాత పాసుల జిరాక్సులున్నాయి. గ్రూప్ సి ఉద్యోగికి సర్వీసు అయిదేళ్లు దాటాక ఏడాదికి మూడు సెట్ల పాసులు, వాటికి తోడు మూడో వంతు ఛార్జీతో పోయే పీటీవోలు వస్తాయి. దరఖాస్తులో ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ దారిన, మధ్యలో ఎక్కడెక్కడ దిగుతారో ముందే రాయాలి. "ఆరో క్లాసు నుంచీ ఆ ఫారం నేనే నింపేదాన్ని బాబాయ్. నాన్న డ్యూటీకి పోతూ చెప్పేవారు: తిరుపతి అని రాసేముందు దారిలో ఏమేం చూడొచ్చో లెక్కేసుకో, ఒక సెట్టు ఊరికే పోగొట్టకూడదు అని. అట్లాస్ ముందేసుకుని కూర్చునేదాన్ని." బిలాస్‌పూర్ నుంచి తిరుపతి పోయే బండి రాయగడ, విజయనగరం, విశాఖపట్నం మీదుగా పోతుంది. ఒకే పాసు మీద మధ్యలో దిగి, అమ్మమ్మ ఊరు చూసి, మళ్లీ ఎక్కేవాళ్లు. దారి అంటే ఆ పిల్లకి చిన్నప్పటి నుంచీ ఎంచుకునే వస్తువు. ఎవరో గీసిచ్చిన గీత కాదు.

యూరప్‌లో ఆమె కొన్న ఇంటర్‌రైల్ పాసు కూడా అచ్చంగా అదే లెక్క. ఆ పాసు 1972లో 21 ఏళ్ల లోపు యువతీయువకుల కోసం మొదలైంది. ఇప్పుడు 33 దేశాల్లో చెల్లుతుంది, 27 ఏళ్ల వరకూ రాయితీ ఉంటుంది. యూరప్ బయటి నుంచి వచ్చే పర్యాటకులకు యూరైల్ అని వేరే పాసు ఉంది గానీ, అక్కడ నివాసం ఉండి చదువుకునే మన పిల్లలు ఇంటర్‌రైలే తీసుకోవచ్చు. నెల రోజుల్లో ఏడు ప్రయాణ దినాలు అనుకుంటే, ఏ రోజు ఎన్ని బళ్లు ఎక్కినా ఒక్క దినమే ఖర్చు. అర్ధరాత్రికి ముందు ఎక్కిన రాత్రి బండి తెల్లారి దిగినా ఎక్కిన రోజు లెక్కలోకే పోతుంది. నివాసమున్న దేశంలో మాత్రం బయటికి పోవడానికి ఒకసారి, తిరిగి రావడానికి ఒకసారి. రాత్రి బళ్లకీ, కొన్ని హైస్పీడ్ బళ్లకీ రిజర్వేషన్ డబ్బు వేరే. "మా వాళ్లు నిబంధనలు చదివి తలపట్టుకున్నారు. నాకు మాత్రం ఇంట్లో ఉన్నట్టే ఉంది," అంది.

వీసా గొడవ లేదు. జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉంటే మిగతా షెంగెన్ దేశాల్లో ప్రతి 180 రోజుల్లో 90 రోజుల దాకా ఉండొచ్చు. 1985లో లక్సెంబర్గ్‌లోని షెంగెన్ ఊరి దగ్గర, మోసెల్ నది మీద ఒక పడవలో అయిదు దేశాలు సంతకాలు చేసిన ఒప్పందం ఇవాళ మన పిల్లలకు ఇంత అక్కరకొస్తోంది. డబ్బు ఆమెదే. 2024 మార్చి నుంచి జర్మనీలో విదేశీ విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేసుకోవచ్చు. గోదాములో పెట్టెలు సర్ది కూడబెట్టింది. ఆ మాట చెప్పేటప్పుడు వాళ్ల మామ్మ ముఖం చిన్నబోయింది. అమ్మాయి మాత్రం తలెత్తుకునే చెప్పింది.

స్నేహితుల్లో ఒకబ్బాయి కాజీపేట, ఒకమ్మాయి గుంటూరు, ఇంకొకమ్మాయి పాలక్కాడ్. నలుగురికీ నాలుగు ఇష్టాలు. అందుకని తలా ఒక ఊరు ఎంచుకోవాలనీ, మిగతావాళ్లు సణగకుండా వెంట రావాలనీ ఒప్పందం. కాజీపేట అబ్బాయి మిలాన్‌లో శాన్ సీరో ఫుట్‌బాల్ స్టేడియం కోరాడు. గుంటూరు అమ్మాయి వియన్నా మ్యూజియంలో బ్రూగెల్ చిత్రాలు. పాలక్కాడ్ అమ్మాయి వెనిస్. మన అమ్మాయి షిలీరెన్. స్నేహితులతో పర్యటన చెడిపోకుండా ఉండటానికి ఇంతకన్నా మంచి పద్ధతి నేను వినలేదు.

తండ్రిగారు వచ్చేసరికి సాయంత్రమైంది. కోర్బా నుంచి యాభై ఎనిమిది బొగ్గు వ్యాగన్లు లాక్కొచ్చిన అలసట కళ్లలో ఉంది. స్నానం చేసి, టీ గ్లాసుతో వచ్చి కూర్చుని, కూతురితో "ఏదీ, కరెంట్ సంగతి బాబాయికి చెప్పావా?" అన్నారు. అక్కడి నుంచి ఆ ఇంట్లో గంటసేపు జరిగిన మాటల కోసమైనా నేను మళ్లీ బిలాస్‌పూర్ వెళ్తాను.

సంగతి ఇదీ. కార్ల్స్‌రూహె దాటి రైన్ నది మీదుగా స్ట్రాస్‌బూర్గ్ చేరితే ఫ్రాన్స్. అక్కడి నుంచి బాజెల్ వైపు పోయే లైనులో కరెంటు 25 వేల వోల్టులు, సెకనుకు 50 సైకిళ్లు, అంటే బిలాస్‌పూర్‌లో తీగల మీద ఉన్నదే. స్విట్జర్లాండ్‌లో అడుగుపెడితే 15 వేల వోల్టులు, 16.7 సైకిళ్లు. ఇటలీ వైపు కియాస్సో దాటితే 3 వేల వోల్టుల డైరెక్ట్ కరెంటు. ఆస్ట్రియాలో మళ్లీ 15 వేలు. హంగరీలోకి పోగానే మళ్లీ 25 వేలు, 50 సైకిళ్లు. అమ్మాయి ప్రతి సరిహద్దు దగ్గరా కిటికీ వదల్లేదట.

"ఇంజను మారుస్తారా అక్కడ?" అడిగారు తండ్రి.

"జ్యూరిచ్ – మిలాన్ బండికి మార్చరు నాన్నా. రెండు కరెంట్లకీ పనికొచ్చేలా చేశారు. మీ న్యూట్రల్ సెక్షన్‌లో మాదిరే పవర్ ఆపి, దొర్లుకుంటూ దాటి, అవతల కొత్త కరెంటు అందుకుంటుంది."

తాతగారు కుర్చీలో ముందుకు వంగారు. "ఫ్రెంచోళ్ల కరెంటేనమ్మా మనది. నేర్పినోళ్లు ఆళ్లే," అన్నారు. నిజమే. 1957లో భారతీయ రైల్వే 25 వేల వోల్టుల ఏసీ విధానం ఎంచుకున్నప్పుడు ఫ్రెంచ్ రైల్వే సలహాదారు. దాన్ని మొదట అమలుచేసింది కూడా పాత బెంగాల్ నాగపూర్ రైల్వే నేల మీదే, 1960 ప్రాంతంలో రాజ్‌ఖర్స్‌వాన్ – డొంగోవాపోసి సెక్షన్లో. మొదటి ఏసీ ఇంజన్లు యూరప్ కంపెనీల నుంచే వచ్చాయి. తండ్రిగారు రోజూ నడిపే డబ్ల్యూఏజీ-9 ఇంజను సైతం 1990లలో జ్యూరిచ్ కేంద్రంగా ఉన్న ఏబీబీ కంపెనీ నుంచి వచ్చి, తర్వాత చిత్తరంజన్‌లో తయారైంది. యూరప్ ఈ కాలనీకి అమ్మాయి పుట్టకముందే వచ్చి ఉంది. ఆమె చేసిందల్లా ఆ కరెంటూ ఆ ఇంజన్లూ ఎక్కడి నుంచి వచ్చాయో చూసి రావడం.

షిలీరెన్ ఎందుకో అప్పుడు నాకు బోధపడింది. మనం దశాబ్దాల పాటు ఎక్కిన నీలం రంగు పెట్టెలు, చిన్నప్పుడు ఆమె పాసు మీద ప్రయాణం చేసినవి, ఆ ఊళ్లోని వ్యాగన్ల కంపెనీ నమూనా ప్రకారం తయారైనవే. ఆ కంపెనీ సహకారంతోనే మద్రాసు పెరంబూర్‌లో ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ 1955 అక్టోబర్ 2న ప్రారంభమైంది. షిలీరెన్ ఫ్యాక్టరీ 1980లలో మూతపడింది. ఇప్పుడు అక్కడ చూడటానికి పెద్దగా ఏమీ లేదని అమ్మాయే ఒప్పుకుంది. స్నేహితులు చలిలో వణుకుతూ "దీనికోసమా తీసుకొచ్చావ్" అన్నారట. కాజీపేట అబ్బాయి మాత్రం నోరెత్తలేదు. వాళ్ల నాన్న కూడా రైల్వే మనిషే.

ఫ్రాన్స్‌లో ఇంకొక విశేషం ఆమె కళ్లకు దొరికింది. ఆ దేశంలో రైళ్లు మనలాగే ఎడమ పట్టా మీద నడుస్తాయి, స్ట్రాస్‌బూర్గ్ చుట్టుపక్కల మాత్రం కుడి పట్టా మీద. 1871 నుంచి 1918 దాకా ఆ ప్రాంతం జర్మనీ ఏలుబడిలో ఉంది. జర్మన్ పద్ధతిలో వేసిన పట్టాలు, సిగ్నళ్లు అలాగే మిగిలాయి. పాత సరిహద్దు దగ్గర ఒక లైను ఇంకో లైను మీంచి వంతెనెక్కి అటుదిటు మారుతుంది. వందేళ్ల కిందటి యుద్ధం సరిహద్దు పటంలో చెరిగిపోయినా పట్టాల మీద చెరగలేదని ఆమె అన్నప్పుడు, బడిలో చరిత్ర ఇలా చెప్పి ఉంటే ఎంతమంది పిల్లలు ఇష్టంగా నేర్చుకునేవారో అనిపించింది.

మిలాన్, వెనిస్ సంగతులు త్వరగా అయిపోయాయి. వెనిస్‌లో జనం తోపులాట. నీళ్ల మీదుగా ఊళ్లోకి పోయే రైలు వంతెన 1846 నాటిదని మాత్రం తండ్రికి మరీ మరీ చెప్పింది. వెనిస్ నుంచి వియన్నాకి రాత్రి బండి ఎక్కారు. హాస్టల్ ఖర్చు మిగిలింది, పాసులో ఒక దినం మిగిలింది. పడుకునే ముందు పాలక్కాడ్ అమ్మాయి అరటికాయ చిప్స్, మన అమ్మాయి పులిహోర తీశారట. కంపార్ట్‌మెంట్‌లో ఉన్న ఇటలీ ముసలమ్మకీ పెట్టారు.

బుడాపెస్ట్ గురించి తాతగారు తనే అడిగి చెప్పించుకున్నారు. హంగరీ ఇంజనీర్ కాల్మన్ కాండో మామూలు ఊళ్లకిచ్చే 50 సైకిళ్ల కరెంటుతోనే రైళ్లు నడపొచ్చని పట్టుబట్టి నిరూపించాడు. బుడాపెస్ట్ నుంచి ఆస్ట్రియా సరిహద్దులో హెగ్యెష్‌హలోమ్ దాకా ఆయన పద్ధతిలో విద్యుదీకరణ 1934లో పూర్తయింది. అది చూడకుండానే 1931లో ఆయన పోయాడు. ఆ లైను మీదే అమ్మాయి వియన్నా నుంచి వెళ్లింది. "ముప్పై నాలుగంటే మా నాన్న ఈడే స్టీమింజన్లో బొగ్గేసీవోడు," అన్నారు తాతగారు. ఆయనకి ఆ రెండు సంగతులూ ఒకే కాలానివని ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్న అమ్మాయితో స్టేషన్ వైపు నడిచాను. ఈ స్టేషన్ రవీంద్రుడి కవితలో ఉంది. 1918 నాటి 'పలాతక'లోని 'ఫాంకి'లో, జబ్బుపడిన భార్య బినుని గాలిమార్పు కోసం తీసుకుపోతూ భర్త ఇక్కడ బండి మారతాడు. మామూలు రోజుల్లో గడప దాటని బినుకి ఆ ప్రయాణమే పండుగ. ఒక ఆడపిల్ల లోకం చూడాలంటే జబ్బు చేస్తే తప్ప కుదరని కాలం అది. ఈ కవిత సంగతి నేను మన అమ్మాయికి చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా మామ్మ తిరుపతి దాటి ఎక్కడికీ పోలేదు బాబాయ్. తాత పాసులో తన పేరు ఎప్పుడూ ఉండేది, ఇల్లు చూసుకోవాలని ఆగిపోయేది. వచ్చే ఏడు తాత పాసు మీద తనని అమృత్‌సర్ తీసుకెళ్దామని నాన్నతో మాట్లాడాను. ఫారం నేను నింపి వెళ్తా," అంది. రిటైరైనవాళ్లకీ పాసులుంటాయి. ఛత్తీస్‌గఢ్ ఎక్స్‌ప్రెస్ అటే పోతుంది.

ఆ సాయంత్రం ఇంటికి కాలనీ పిల్లలు కొందరొచ్చారు. ఖర్చెంత, తిండెలా, భాష రాకపోతే ఎలా అని ప్రశ్నలు. జర్మనీలో ఇప్పుడు విదేశీ విద్యార్థుల్లో మనదేశం వాళ్లే ఎక్కువ. 2023–24 శీతాకాల సెమిస్టర్‌లోనే 50 వేలకు దగ్గరగా ఉన్నారు. కాబట్టి ఈ ప్రశ్నలు ఊహల్లోవి కావు. ఆమె ఎవరికీ గొప్పలు చెప్పలేదు. చదువు గట్టిగా ఉండాలంది, అప్పు చేసి తిరగొద్దంది, జర్మన్ ఇప్పుడే మొదలుపెట్టమంది. ఒక కుర్రాడు మన బండి పెట్టెలు ఇప్పుడెందుకు వేరే రకంగా ఉన్నాయని అడిగాడు. 2018లో పాత నమూనా పెట్టెల తయారీ ఆగిపోయిందనీ, ఇప్పటి ఎల్‌హెచ్‌బీ పెట్టెలు జర్మనీ నమూనావనీ, 1995లో ఒప్పందం కుదిరి 2000లో మొదటివి వచ్చాక కపుర్తలాలో తయారీ మొదలైందనీ చెప్పింది. ఆ పెట్టెల నమూనా ఇచ్చిన కంపెనీ ఊరు సాల్జ్‌గిట్టర్. "అది నేనింకా చూడలేదురా. వచ్చే సెలవుల్లో పోతా. జర్మనీలోదే కదా, పాసు కూడా అక్కర్లేదు, నెలవారీ లోకల్ టికెట్ చాలు," అంటూ ఫోన్‌లో బండ్ల సమయాలు వెతకడం మొదలుపెట్టింది. తండ్రిగారు పక్కన చేరి, ఎక్కడ బండి మారాలో చూపించమన్నారు.