మా పిల్లి మూలగలేదు

గర్భసంచి ఆపరేషన్ చేయించి తెచ్చిన రాత్రి మా పిల్లి బీరువా వెనుక ముడుచుకొని కూర్చుంది. అరవలేదు, మూలగలేదు. పైగా గురగురమంటోంది. హాయిగానే ఉన్నదనుకొని మేము పడుకున్నాము.

నొప్పిలోనూ పిల్లి అలా గురగురలాడుతుందని మరునాడు పశువైద్యులు చెప్పి, దాని ముఖం చూడమన్నారు. చెవులు పక్కలకు తిరిగాయి. కళ్లు సగం మూతపడ్డాయి. మూతి బిగిసింది, మీసాలు నిటారుగా ముందుకు వచ్చాయి, తల భుజాలకన్నా దిగింది. ఈ ఐదింటికి ఒక్కొక్కదానికి 0 నుండి 2 వరకు మార్కులు వేయాలట. మాంట్రియల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ప్రకటించిన పద్ధతి ఇది. 10కి 4 వస్తే నొప్పిమందు గురించి ఆలోచించవలసిందే. మా పిల్లికి 7.

"ఇంట్లో పారాసిటమాల్ ఉందండీ" అన్నాము. ఆయన ఉలిక్కిపడ్డారు. ఒక్క బిళ్లతో పిల్లి ప్రాణం పోవచ్చునట!

సూది వేశాక సాయంత్రానికి చెవులు లేచాయి. ఆ రాత్రంతా మేము దానికి నాలుగడుగుల దూరంలోనే నిద్రపోయాము.