వర్ని దారిలో మడత చాకు

బోధన్ నుంచి వర్నికి వెళ్తుంటే ఇప్పుడు ఎక్కువగా కనిపించేది వరే. నిజాంసాగర్ నీళ్లతో 1930ల్లో ఇక్కడ చెరకు పాదుకుంది. శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది.

చెరకు నరికే కత్తి వేరు. గడ తొక్క తీసి ముక్క నమలాలంటే జేబులో మడత చాకు చాలు. కొనేటప్పుడు మెరుపు చూసి మురిసిపోకండి. తెరిచి అటూ ఇటూ కదపండి, మేకు దగ్గర వదులుంటే వద్దు. లాక్ లేనిదైతే కణుపు మీద గట్టిగా నొక్కినప్పుడు వేళ్ల మీదికే మడత పడొచ్చు. మామూలు ఉక్కుకు సాన తేలిక, కానీ చెరకు రసం తుడవకపోతే తుప్పే! స్టెయిన్‌లెస్‌కు ఆ బెడద తక్కువ. మూడంగుళాల బ్లేడు చాలు. పెద్దదైతే జేబుకు బరువు, పోలీసుకు అనుమానం.

చెరకు తగ్గాక ఆ చాకు యూరియా బస్తా కుట్టు కోయడానికే ఎక్కువగా తెరుచుకుంటోంది.