చేతితో చుట్టిన తీగ ఖరీదు

బిలాస్‌పూర్‌లో రైల్వే కాలనీ దాటిన తరువాత వచ్చే తోర్వా ప్రాంతంలో ఒక తెలుగు కుటుంబం ఉన్నది. రెండేళ్ళ క్రితం ఆ ఇంట 24,000 రూపాయల విషయమై తండ్రికీ కొడుక్కీ మాట పట్టింపు వచ్చింది. సొమ్ము కొడుకుదే. పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలలోనూ, వినాయక నవరాత్రుల పందిళ్ళలోనూ గిటారు వాయించి కూడబెట్టుకున్నాడు. ఆ సొమ్ముతో అతడు అమెరికానుంచి తెప్పించదలచిన వస్తువు రెండు చిన్న తీగచుట్టలు. ఒక్కొక్కటి అగ్గిపెట్టెకంటె కాస్త పొడవు. గిటారు వాయించేవారు వీటిని పికప్‌లంటారు. యంత్రం మీద కాక, ఒక మనిషి స్వయంగా చేతితో చుట్టినవి కావడమే వాటి విశేషం.

తండ్రి ఆ ధర చూసి, "సున్నాలు సరిగా లెక్కపెట్టావా?" అని అడిగాడట. ఆయన 1986లో కలకత్తాలో ఆ గిటారు మొత్తాన్నీ కొన్న ధర అందులో పదోవంతు కూడా లేదు.

ఇది కేవలం సరదాకు సంబంధించిన వ్యవహారమైతే ఆ ఇంటి గోడలు దాటేది కాదు. కాని కొడుకు బ్రతుకుతెరువు దానితో ముడిపడి ఉన్నది. గిటారులోని రెండు పికప్‌లలో ఒకటి ఏనాడో మూగబోయింది. రెండవది పలుకుతుంది గాని, పాటతో పాటు తుమ్మెద రొద వంటి ఒక హోరును కూడా స్పీకరులోకి పంపుతుంది. ముహూర్తాలు దగ్గరపడుతున్నవి. ఆర్కెస్ట్రా నడిపే పెద్దమనిషి, ఆ రొద వదిలించుకోకపోతే మరొక వాద్యకారుణ్ణి చూసుకోవలసి వస్తుందని మర్యాదగానే చెప్పాడు.

తండ్రి సంగతి కొంత చెప్పాలి. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలనుంచి ఎందరో తెలుగువారిని ఖరగ్‌పూర్‌కూ బిలాస్‌పూర్‌కూ చేర్చింది. ఈయన తాత అలా వచ్చినవారిలో ఒకడు. ఈయన ఎలక్ట్రికల్ ఫిట్టరుగా చేరి, బిలాస్‌పూర్ 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమైన తరువాత కూడా అనేక సంవత్సరాలు పనిచేసి పదవీ విరమణ పొందాడు. యౌవనంలో రైల్వే ఇన్‌స్టిట్యూట్ వేదికపై గిటారు వాయించాడు. ఉద్యోగంలో కాలిపోయిన మోటార్లను విప్పి తిరిగి చుట్టాడు. కనుక తీగచుట్ట అంటే ఏమిటో ఆయనకు ఒకరు చెప్పవలసిన అవసరం లేదు.

పికప్ నిర్మాణం నిజానికి మిక్కిలి సామాన్యం. ఒక అయస్కాంతం, దాని చుట్టూ తల వెంట్రుకకంటె సన్నని ఎనామెల్ పూత గల రాగి తీగ. పైన ఉక్కు తంత్రి కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రం చలిస్తుంది. ఆ చలనం వల్ల తీగచుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనుగొన్న సూత్రం ఇదే. జార్జి బోషాం అనే అమెరికన్ 1931 ప్రాంతంలో దీనిని గిటారుకు అన్వయించాడు. తీగ మందం మిల్లీమీటరులో ఆరు శాతం. ఒక్కొక్క పికప్‌కు సుమారు 8,000 చుట్లు. అంతకు మించి అందులో దాచిపెట్టిన రహస్యమేమీ లేదు.

మరి చేతిపనికి ఇంత గిరాకీ ఎందుకు వచ్చింది? దీని చరిత్ర కొంత విచిత్రమైనది. కాలిఫోర్నియాలోని ఫెండర్ కంపెనీలో 1950 దశకంలో పికప్‌లు చుట్టినవారు దినకూలీపై పనిచేసే స్త్రీలు. బాబిన్‌ను యంత్రం తిప్పేది. తీగను వేళ్ళమధ్య పట్టుకుని అటూ ఇటూ నడిపించేవారు వారు. 1956లో అక్కడ చేరిన అబిగైల్ ఇబర్రా అనే ఆమె అర్ధశతాబ్దికి పైగా ఆ పని చేసి 2013లో విరమించింది. ఆమె చుట్టిన పికప్‌లకోసం గిటారిస్టులు ఎగబడ్డారు. ఆ కర్మాగారంలో ఎవరూ తాము కళాఖండాలు సృష్టిస్తున్నామని అనుకోలేదు. ఒకనాడు చుట్లు కొన్ని ఎక్కువ పడేవి, ఒకనాడు తక్కువ పడేవి. నాటి ఆ హెచ్చుతగ్గులకే నేడు వెల కట్టి, పొందికగా అనుకరించి అమ్ముతున్నారు.

చేతితో చుట్టేవారి వాదనలో పస లేకపోలేదు. యంత్రం తీగను వరుసగా, ఒత్తుగా పేరుస్తుంది. చేయి నడిపినప్పుడు వరుసలు చెదురుతాయి. అందువల్ల చుట్టకు చుట్టకు మధ్య విద్యుత్తును నిలవబెట్టే గుణం, రేడియో మెకానిక్కులు కెపాసిటెన్స్ అనేది, కొద్దిగా తగ్గుతుంది. అది తగ్గితే పై స్వరాల మెరుపు కొద్దిగా పెరుగుతుంది. ఇంతవరకు భౌతికశాస్త్రం ఒప్పుకుంటుంది. అయితే గిటారునుంచి స్పీకరు వరకు ఒక కేబుల్ పోతుంది కదా! ఆరు మీటర్ల కేబుల్‌లో ఉండే కెపాసిటెన్స్ పికప్‌లో ఉండేదానికి కొన్ని రెట్లు. వేళ్ళు వేల రూపాయల నేర్పుతో సాధించిన ఆ కొద్దిపాటి తేడాను, బుధవారీ బజారులో కొన్న కేబుల్ మీటరు పొడవు ఎక్కువైతే చాలు, మింగివేయగలదు.

ఇక్కడ వీణను తలచుకోవడం న్యాయం. బిలాస్‌పూర్ తెలుగువారు స్వస్థలాలకు పోయే రైలు రాయగడ, పార్వతీపురం దాటి బొబ్బిలి మీదుగానే పోతుంది. బొబ్బిలి సమీపాన గొల్లపల్లిలో పనస మొద్దును తొలిచి ఏకాండీ వీణ చేస్తారు. ఏ రెండు మొద్దులూ ఒకటి కావు. ఒకచోట కర్ర గట్టిగా ఉంటుంది, మరొకచోట మెత్తగా ఉంటుంది. ఉలి పట్టిన వాడు ఆ కర్రను తట్టి, చెవితో విని, ఎంతవరకు తొలచాలో అక్కడ నిలుపుతాడు. చేతిపనికి ఖరీదు కట్టడం అక్కడ అర్థవంతం, ఎందుకంటే చేయి కర్రకు సమాధానం చెబుతున్నది. రాగి తీగకు అటువంటి స్వభావభేదం లేదు. ఈ చుట్టలోని మీటరుకూ ఆ చుట్టలోని మీటరుకూ తేడా ఏమున్నది? అటువంటి పదార్థం ముందు చేయి ఎంత నేర్పు గలదైనా, అది అడగని ప్రశ్నకు సమాధానం చెబుతున్నట్లే.

పికప్ వల్ల సంగీతంలో నిజంగా ఎంత మార్పు వస్తుందో తెలుగువారికి ఒక ఉదాహరణ ఉన్నది. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండొలిన్‌పై కర్ణాటక సంగీతం వినిపించాడు. మామూలు మాండొలిన్ స్వరం మీటగానే ఆరిపోతుంది. దానిపై గమకం నిలవదు. ఎలక్ట్రిక్ మాండొలిన్‌లో పికప్ ఆ స్వరాన్ని అందుకుని పెద్దది చేసి నిలబెట్టింది. నాలుగు జతల తీగలకు బదులు ఐదు ఒంటి తీగలతో ఆయన దానిని తన కచేరీకి అనువుగా మలచుకున్నాడు. 1978లో గుడివాడ త్యాగరాజోత్సవంలో తొమ్మిదేళ్ళ బాలుడుగా వేదిక ఎక్కినది మొదలు, 2014లో అకాలమరణం చెందేవరకు, ఆ వాద్యమే ఆయనకు గొంతుక. పికప్ ఉన్నదా లేదా అన్నది అక్కడ గొప్ప ప్రశ్న. దానిని చేయి చుట్టిందా, యంత్రం చుట్టిందా అని ప్రేక్షకులు అడిగి ఉండరు.

తోర్వాలోని తండ్రికి ఈ వాదనలేవీ పట్టలేదు. ఆయన ఒక్క ప్రశ్న వేశాడు: "ఈ అమెరికా సరుకు వస్తే హోరు పోతుందా?" కొడుకు వెంటనే జవాబు చెప్పలేకపోయాడు. పోదు. అతడు కోరినవి పాతకాలపు ఒంటి చుట్ట పికప్‌లకు నమ్మకమైన అనుకరణలు. వాటితోపాటు పాతకాలపు హోరూ నమ్మకంగా వస్తుంది. 25,000 వోల్టుల రైలు తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు, పెళ్ళిపందిరి లైట్లు, అన్నింటిలోనూ సెకనుకు 50 సార్లు తిరిగే విద్యుత్తు ఉన్నది. తీగచుట్ట అమాయకమైనది, తంత్రి చలనాన్ని పట్టినట్లే దానినీ పట్టుకుంటుంది. దీనికి మందు 1955లోనే సెత్ లవర్ అనే ఇంజనీరు గిబ్సన్ కంపెనీలో కనిపెట్టాడు. రెండు చుట్టలను ఎదురెదురు దిశలలో అమర్చి, అయస్కాంతాల ధ్రువాలను కూడా తారుమారు చేస్తే, హోరు ఒకదానినొకటి కొట్టివేసుకుంటుంది, పాట మాత్రం కలిసి రెట్టిస్తుంది.

ఫిట్టరు గిటారును విప్పాడు. మొదట లోపలి ఎర్త్ తీగ ఊడిపోయి ఉండడం కనిపించింది. దానిని టంకం పెట్టి అతికి, గుంటకు లోపల రాగి రేకు పరిచేసరికి రొదలోని గరగర సగానికి సగం తగ్గింది. మిగిలిన హోరుకోసం, మూగబోయిన పికప్‌ను ఎదురు దిశలో తానే చుట్టాలని నిశ్చయించుకున్నాడు. అడుగున అతికించిన అయస్కాంతపు బద్దను ఊడదీసి తిరగవేయడం క్షణంలో పని. చుట్టడమే కష్టం.

పుస్తకాలలో 42వ నెంబరు తీగ అని ఉన్నది. మోటారు వైండింగ్ షాపువాడు 42వ నెంబరు తీగే ఇచ్చాడు. మూడు వేల చుట్లకే బాబిన్ నిండిపోయింది. ధ్వని పిల్లి కూనలా పలికింది. అమెరికా గేజి వేరు, మన షాపులలో నడిచే బ్రిటిష్ గేజి వేరు. వారి 42 మన 46కు దగ్గర. రాయపూర్‌నుంచి 46 తెప్పించారు. కుట్టుమిషను మోటారు బాబిన్‌ను తిప్పింది. చుట్లు లెక్కపెట్టడానికి ఒక పాత కాలిక్యులేటరుకు రీడ్ స్విచ్ తగిలించి, అయస్కాంతం ఒక్కొక్కసారి దాటినప్పుడల్లా ఒకటి కూడేటట్లు చేశాడు. నలభై ఏళ్ళ అనుభవం ఊరికే పోదు. అయినా రెండవ ప్రయత్నంలో 5,000 చుట్లు దాటాక తీగ తెగింది. దానిని పట్టుకున్న వేళ్ళకు తెగిన సంగతి కూడా తెలియలేదు. అంకె మాత్రం పెరుగుతూనే ఉన్నది. మూడవసారి నిలిచింది. స్పీకరు ముందు కీచుమనకుండా చుట్టను కరిగించిన మైనంలో ముంచారు. అందుకు ఉపయోగించిన గిన్నె గురించి ఇల్లాలు ఇప్పటికీ ఎత్తిపొడుస్తూనే ఉన్నది.

రెండు పికప్‌లనూ కలిపి వాయిస్తే హోరు దాదాపు లేదు. ఏ ఒక్కదానినైనా విడిగా వాడితే ఉన్నది. పెళ్ళి పాటలకు అది చాలును. ఆ ముహూర్తాలలో కొడుకు స్థానం కొడుకుకే మిగిలింది.

కొడుకు మనసులో మాత్రం అమెరికా వస్తువు ఎలా ఉండేదో అన్న శంక మిగిలిపోయింది. భిలాయీలో ఒక స్నేహితుని గిటారుకు అటువంటి చేతి పికప్‌లు ఉన్నవి. ఒక సాయంకాలం దుప్పటి అడ్డం కట్టి రెండింటినీ వాయించారు. గిటార్లే వేరు గనుక దీనిని శాస్త్రీయ పరీక్ష అనడానికి వీలులేదు. విన్నవారు తేడా ఉన్నదన్నారు. ఖరీదైనది ఏదో చెప్పమంటే ఒక మాట మీదికి రాలేదు. అందులోనే ఒక గిటారుకు పొడవాటి కేబుల్ తగిలించి వాయిస్తే, మూడవ గిటారు ఎక్కడినుంచి వచ్చిందని అడిగారు. స్నేహితుడికి మాత్రం తన పికప్‌ల మీద నమ్మకం చెక్కుచెదరలేదు. తన వ్రేళ్ళ క్రింద అవి వేరుగా స్పందిస్తాయన్నాడు. అదీ అబద్ధం కాకపోవచ్చు. నచ్చిన వాద్యం చేతిలో ఉన్నప్పుడు మనిషి శ్రద్ధగా వాయిస్తాడు; ఆ శ్రద్ధ వినిపిస్తుంది. కాని అందుకోసం చెల్లించిన 24,000లో తీగకు ఎంత, నమ్మకానికి ఎంత అని విడదీయగల మల్టీమీటరు ఇంకా రాలేదు.

ఇంతకూ ఆ ధర మోసమా? ఈ ప్రశ్నకు తోర్వాలోనే ఒక లెక్క దొరుకుతుంది. తీగకూ మైనానికీ కలిపి తండ్రికి అయిన ఖర్చు కొన్ని వందలు. పట్టిన కాలం పదకొండు సాయంకాలాలు. పూటకు రెండున్నర గంటల చొప్పున చూస్తే మూడు దినాలకు పైగా నేర్పు గల ఫిట్టరు కూలి. చేయి తిరిగితే కాలం తగ్గుతుంది. అయినా తెగిపోయే తీగ తెగుతూనే ఉంటుంది. చేతితో చుట్టేవాడు అడిగే ధర ఎక్కువ భాగం న్యాయమైన కూలే. కొనేవాడు పొరపడేది ఒక్కచోట: చెల్లించిన కూలి అంతా ధ్వనిగా మారి తన చెవికి చేరుతుందని ఆశించడంలో. శ్రమ విలువ వేరు, ధ్వనిలోని తేడా వేరు. తన గిటారులో ఫలానా లోపం ఉన్నదని చెప్పి, దానికి తగినట్లుగా చుట్టించుకునేవాడికి చేతిపని దండగ కాదు. పేరు చూసి, డబ్బా చూసి తెప్పించుకునేవాడు ఆ సొమ్ములో కొంత స్పీకరు మీద పెట్టడం మేలు.

కొడుకు చివరికి చేసినదీ అదే. 14,000 పెట్టి మంచి స్పీకరు కొన్నాడు. మిగిలినది బ్యాంకులో వేశాడు.

ఈ సంగతి ఆర్కెస్ట్రాల వారికి ఎలాగో తెలిసింది. ఆ మధ్య రాయ్‌గఢ్‌నుంచి ఒక కుర్రవాడు చెడిపోయిన పికప్ పట్టుకుని ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. తిరిగి చుట్టి ఇవ్వడానికి ఎంత అవుతుందని అడిగాడు. తండ్రి దానిని అటూ ఇటూ తిప్పి చూసి, మూడు వేలన్నాడు.

కొడుకు నివ్వెరపోయి, "నాన్నా, కంపెనీది కొత్తదే ఎనిమిది వందలకు వస్తుంది కదా!" అన్నాడు.

"వస్తుంది. అయితే అదే కొనుక్కోమను," అని ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

కుర్రవాడు కాసేపు ఆలోచించి, పికప్‌ను అక్కడే వదిలి, బయానాగా ఐదు వందలు ఇచ్చి వెళ్ళాడు.