ఆర్కాటు రోడ్డులో టైరు బేరం

కోడంబాక్కమనగానే మన పెద్దవాళ్లకు రైలుగేటూ, స్టూడియోలూ జ్ఞాపకం వస్తాయి. నాకు మాత్రం మొన్న ఆ పేట టైర్ల లెక్క నేర్పింది.

మా బావగారిది పాత థార్ జీపు. అక్కయ్యను తిరుపతి తీసుకువెళ్లాలి. తీరా చూస్తే ముందు టైర్లు రెండూ బోడిగుండ్లు! ఆర్కాటు రోడ్డు దుకాణదారు తమిళంలో, "235/70 ఆర్ 16 లేదండీ, 245/75 వేసుకోండి, ఠీవిగా ఉంటుంది" అన్నాడు. బావగారు మెత్తబడ్డారు.

నేను గుమాస్తాను గదా, రసీదు వెనక లెక్క కట్టాను. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండవది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు నూటికెంతో. చివరిది చక్రం, అంగుళాల్లో. పాతదాని నిలువు 735 మిల్లీమీటర్లు, ఆయన చెప్పినది 774. నూటికి అయిదు తేడా! నాలుగూ అవే వేస్తే ముల్లు 60 చూపినప్పుడు బండి 63లో పోతుంటుంది. ముందు రెండే వేస్తే మరీ ముప్పు: ఫోర్‌వీల్ వేయగానే ముందు వెనకల చక్రాలు సమంగా తిరగక గేర్లమీద బిగువు పడుతుంది.

"నీ లెక్కలతో ప్రయాణం ఆపుతావా?" అన్నారు బావగారు, కోపంగా.

"వారం ఆగితే వేంకటేశ్వరుడేమీ కొండ దిగిపోడు" అన్నది అక్కయ్య.

ఆరోరోజున పుదుపేటలో అసలు సైజే దొరికింది. వెనకవీ సగం అరిగాయని నాలుగూ మార్పించాం. పక్కన ముద్రించిన నాలుగంకెలూ చూశాను. చివరి రెండూ తయారైన సంవత్సరం, మొదటి రెండూ వారం. బిల్లు చూసి బావగారు రెండురోజులు నాతో మాట్లాడలేదు.