చివరి అంకె

అమ్మ ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. ఏడాది పాటు వద్దంది. మొన్న తనే పిలిచి, "రాయి బిడ్డా, ఇంకొకరింట్ల ఇట్ల కాకుండ ఉంటది" అన్నది.

2024 అక్టోబరులో హైదరాబాదులో అమ్మకు ఆపరేషన్ అయింది. పెద్దపేగు చివర క్యాన్సర్. గడ్డతో పాటు మలద్వారం కూడా తీసెయ్యాల్సి వచ్చింది. పొట్టకు ఎడమ పక్కన రంధ్రం చేసి, పేగు కొసను అక్కడికి తెచ్చి కుట్టారు. డాక్టర్లు దాన్ని స్టోమా అంటారు. ఎర్రగా, తడిగా, విప్పుతున్న గులాబీ మొగ్గలా ఉంటుంది. దాని చుట్టూ చర్మానికి ఒక ప్లేటు అంటించి, ఆ ప్లేటుకు సంచి తగిలించాలి. అమ్మది 57 మిల్లీమీటర్ల రింగు. 45 గానీ 70 గానీ తెస్తే పనికిరాదు. నాలుగైదు రోజులకోసారి ప్లేటు మార్చాలి. గడువు దాటితే అంచుల్లోంచి కారుతుంది. కారితే చర్మం కాలినట్టు పొక్కుతుంది.

ఈ సంగతి నాకు, మా ఆయనకు, మా అమ్మాయికి తప్ప ఎవ్వరికీ తెలియకూడదని అమ్మ మా చేత ఒట్టు వేయించుకుంది. సొంత చెల్లెలికి కూడా చెప్పనివ్వలేదు. వదులు జాకెట్టు, చుట్టూ కప్పుకున్న కొంగు, వాసన వస్తుందేమోనని ఎప్పుడూ గోడవారగా కూర్చోవడం. గుమ్మంలోకి ఎవరైనా వస్తే లోపలి గదిలోకి వెళ్లిపోయేది.

ఆ సామాను కోదాడలో ఏ మందుల షాపులోనూ లేదు. ఆసుపత్రిలో కొన్న డబ్బా డిసెంబరు ఆఖరుకు అయిపోవచ్చింది. జనవరి 3న ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాను. అయిదు రోజుల్లో వస్తుందని చూపించింది. అప్పటికి ఇంట్లో ఉన్నవి రెండు ప్లేట్లు.

ఇక్కడ నా తప్పు చెప్పాలి. 2024 జూన్ దాకా మేం మిర్యాలగూడలో ఉన్నాం. నాకు కోదాడలో ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం దొరికితే ఇల్లు మారాం. ఫోన్లో పాత అడ్రసు అట్లాగే ఉంది. వీధి మార్చాను, ఇంటి నంబరు మార్చాను, ఊరు పేరు మార్చాను. పిన్ కోడ్ మార్చలేదు. కోదాడది 508206. మిర్యాలగూడది 508207. చివరి అంకె ఒక్కటే తేడా.

పిన్ కోడ్ మన దేశంలో 1972 ఆగస్టు 15న మొదలైంది. ఒకే పేరున్న ఊళ్లు, అనేక లిపుల్లో రాసిన చిరునామాల మధ్య ఉత్తరాలు దారి తప్పకూడదని పెట్టారట. మొదటి మూడంకెలు ఉత్తరాలు వేరుచేసే జిల్లాను, చివరి మూడంకెలు పంచే పోస్టాఫీసును చెబుతాయి. పాత నల్లగొండ జిల్లా అంతా 508. 2016లో జిల్లాలు విడిపోయి కోదాడ సూర్యాపేట జిల్లాలోకి వచ్చింది, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉంది. అంకెలు మాత్రం ఇప్పటికీ పక్కపక్కనే ఉన్నాయి. పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పే దాన్ని, ఇదంతా తెలిసిన దాన్ని నేను. కొరియర్ వాళ్లు పార్శిళ్లను వేరుచేసేది ఆ అంకెలు చూసే. పైన కోదాడ అని ఎంత పెద్దగా ఉన్నా సరే. మామూలు రోజుల్లో ఎవరో ఒకరు చూసి "ఊరొకటి, పిన్ ఒకటి ఉందేంది" అని ఫోన్ చేసేవారేమో. అది సంక్రాంతి వారం.

8వ తేదీన ఆఖరి ప్లేటు వేశాను. 10వ తేదీ రాత్రి ఫోన్లో చూస్తే పార్శిల్ సూర్యాపేట హబ్‌కు చేరిందని ఉంది. గుండె కుదుటపడింది. సూర్యాపేట నుంచి కోదాడ ఎంత, గంట దారి. 11న రెండో శనివారం. పొద్దున "డెలివరీకి బయల్దేరింది" అని మెసేజ్ వచ్చింది. తలుపు తీసే ఉంచాను. మధ్యాహ్నం అమ్మను శుభ్రం చేస్తుంటే ముందు గదిలో ఫోన్ మోగి ఆగిపోయింది. చేతులు కడుక్కుని వచ్చి తిరిగి చేస్తే ఎత్తలేదు. సాయంత్రం ఆరింటికి మెసేజ్. "కస్టమర్ అందుబాటులో లేరు."

కస్టమర్ కేర్‌కు ఎన్నిసార్లు చేశానో లెక్క లేదు. పండుగ రద్దీ వల్ల ఆలస్యం అవుతుందని రికార్డు చేసిన గొంతు. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి. ఒకమ్మాయి దొరికింది. "48 గంటల్లో పరిష్కరిస్తాం మేడం" అంది. 48 గంటలంటే 13వ తేదీ సాయంత్రం, భోగి పండుగ. ఆ తర్వాత సంక్రాంతి, కనుమ. ఖమ్మంలో తెలిసినవాళ్లకు ఫోన్ చేస్తే 57 సైజు లేదు, తెప్పించాలంటే పండుగయ్యాకే అన్నారు.

ఆ రాత్రి రెండింటికి ప్లేటు ఊడింది.

అమ్మ నన్ను లేపలేదు. నీళ్ల చప్పుడుకు మెలకువ వచ్చి చూస్తే బాత్రూంలో చీర తనే ఉతుక్కుంటోంది. చలికి వణుకుతోంది. స్టోమా చుట్టూ చర్మం పచ్చిపుండులా ఉంది. కొబ్బరినూనె రాయబోతే "వద్దు, నూనె ఉంటే మల్ల ప్లేటు అంటదు" అంది. అంత నొప్పిలోనూ ఆ జాగ్రత్త. పాత కాటన్ చీర చింపి మడతలు పెట్టి, పైన పాలిథిన్ కవరు కట్టి, ప్లాస్టర్ వేశాను. గంట కూడా నిలవలేదు. మామూలుగా అయితే ఆపుకోవడం మన చేతిలో ఉంటుంది. ఇది ఎప్పుడు వస్తుందో అమ్మకే తెలియదు. అన్నం మానేసింది. తింటే వస్తుందని.

పొద్దున్నే సూర్యాపేట బస్సెక్కాను. మా ఆయన లారీ మీద విశాఖ పోయి ఉన్నాడు. అమ్మను మా అమ్మాయికి అప్పజెప్పాను. దానికి అప్పుడు పదమూడేళ్లు. "అమ్మమ్మ సిగ్గుపడుతది, ముక్కు మూసుకోకు" అని మాత్రం చెప్పాను. అది తలూపింది.

12వ తేదీ ఆదివారం. మా బస్సు హైదరాబాద్ వైపు హాయిగానే పోతోంది. అవతలి పక్క, ఆంధ్ర వైపు పోయే రోడ్డంతా కార్లు. మధ్యమధ్య కదలకుండా నిలబడ్డాయి. పైన సూట్‌కేసులు, కిటికీల్లోంచి పిల్లల చేతులు. సూర్యాపేటకు గానీ కోదాడకు గానీ రైలు లేదు. మా ఊళ్లకు సూది మందయినా, సెల్‌ఫోనయినా ఈ ఒక్క రోడ్డు మీదే రావాలి. పండుగకు జనమూ అదే రోడ్డు, సరుకూ అదే రోడ్డు. రాత్రి రావాల్సిన కొరియర్ లారీ అప్పటిదాకా రాలేదని హబ్ దగ్గర విన్నాను.

హబ్ అంటే రేకుల షెడ్డు. లోపల నడుమెత్తు పార్శిళ్లు. చీరలు, బూట్లు, మిక్సీలు, గాలిపటాల డబ్బాలు. పది పన్నెండు మంది కుర్రాళ్లు కింద కూర్చుని స్కాన్ చేస్తున్నారు. ఎవరూ తల ఎత్తలేదు. నాలుగోసారి అడిగాక ఒకతను నంబరు కొట్టి చూశాడు.

"మేడం, ఇది 508207. నిన్ననే మిర్యాలగూడ బండ్ల పోయింది."

అప్పుడు అర్థమైంది. అక్కడే గుమ్మం మీద కూర్చున్నాను. అతనే మంచినీళ్లు ఇచ్చాడు. అడ్రసు ఫోన్లో మార్చండి, రెండు రోజుల్లో కోదాడ వస్తది అన్నాడు. రెండు రోజులు లేవని చెప్పలేదు. ఎందుకని అడిగితే ఏం చెప్పను?

మిర్యాలగూడలో దిగేసరికి మూడు దాటింది. ఆరేళ్లు ఉన్న ఊరు. మిల్లుల్లోంచి ఉడికిన వడ్ల వాసన వస్తోంది. కొరియర్ ఆఫీసు సగం షటర్ దించి ఉంది. ఇన్‌చార్జి ఒక్కడే ఉన్నాడు. పిల్లలంతా లైన్ మీద ఉన్నారు, రాత్రికి వస్తారు, కూర్చోండి అన్నాడు. అయిదు గంటలు కూర్చున్నాను. మధ్యలో మా అమ్మాయి ఫోన్ చేసి మెల్లగా చెప్పింది. "అమ్మా, మూడు చీరలు అయిపోయినయ్. అమ్మమ్మ ఏడుస్తలేదు, కానీ మాట్లాడ్తలేదు."

ఎనిమిదింటికి కుర్రాళ్లు వచ్చారు. నాకు ఫోన్ చేసింది వాళ్లలో ఒకడే. ఇరవై ఏళ్లుంటాయి. వీపు మీద వాడంత బ్యాగు, కళ్లలో దుమ్ము. "అక్కా, ఆ వీధి పేరు ఈ ఊర్లనే లేదు. గంట సేపు తిరిగిన. ఫోన్ చేస్తే ఎత్తలే. నువ్వు మల్ల చేసినప్పుడు బండి మీదున్న." ఆ రోజు వాడికి నూటముప్పై పార్శిళ్లట. నాకు కోపం రాలేదు. కోపం రావడానికి ఎవరున్నారు అక్కడ?

కానీ పార్శిల్ వాడి బ్యాగులో లేదు. అడ్రసు దొరకలేదని పొద్దున్నే రిటర్న్ కొట్టి, హైదరాబాద్ పోయే గోనెలో వేసి సీలు వేశారు. ఆ గోనె నా కళ్ల ముందే, గోడకు ఆనించి ఉంది. తొమ్మిదింటికి బండి.

"సీలు విప్పితే నా జీతంల కోస్తరు మేడం. అండ్ల నలభై ఐటమ్‌లు ఉన్నయ్. రూల్ లేదు" అన్నాడు ఇన్‌చార్జి. బతిమాలాను. మందులన్నాను. మందులైతే ఇక్కడే కొనుక్కోవచ్చు కదా అన్నాడు. అతను అన్నదాంట్లో తప్పు లేదు. అందరూ అట్లాగే చెబుతారు గదా, అర్జంటని.

అప్పుడు చెప్పాను. ఎనిమిది మంది మగవాళ్ల ముందు, నిలబడి, మా అమ్మకు మలం పొట్ట మీది నుంచి వస్తుందని, దానికి సంచి కావాలని, ఆ సంచి ఆ గోనెలో ఉందని, నిన్న రాత్రి నుంచి ఆమె గుడ్డలు కట్టుకుని అన్నం మానేసి ఉందని. నా గొంతు నాకే పెద్దగా వినపడింది. ఒట్టు గుర్తొచ్చింది. ఆపలేదు.

ఎవరూ ఏం అనలేదు. ఒకడు తల పక్కకు తిప్పుకున్నాడు. నాకు ఫోన్ చేసిన పిల్లాడు వెళ్లి, జేబులోంచి బ్లేడు తీసి, సీలు కోశాడు. గోనె కింద కుమ్మరించాడు. ఇన్‌చార్జి చూస్తూ ఊరుకున్నాడు. తర్వాత తనూ వంగి వెతికాడు. నా డబ్బా అట్టడుగున ఉంది, ఒక మూల నొక్కుకుపోయి. పైన కోదాడ అని స్పష్టంగా ఉంది. వాడు దాన్ని చొక్కా అంచుతో తుడిచి రెండు చేతులతో ఇచ్చాడు.

నేరేడుచర్ల మీదుగా హుజూర్‌నగర్ దాకా బస్సు, అక్కడ్నుంచి ఆటో. ఇంటికి చేరేసరికి పన్నెండు. మా అమ్మాయి మంచం పక్కన కిందే నిద్రపోయి ఉంది, చేతిలో తడిగుడ్డ. గోరువెచ్చటి నీళ్లతో తుడిచి, ఆరనిచ్చి, ప్లేటు మధ్య రంధ్రాన్ని కొలతకు కత్తిరించి అంటించాను. జిగురు పట్టాలంటే ఒంటి వేడి కావాలి. అందుకని అయిదు నిమిషాలు ప్లేటు మీద అరచెయ్యి ఆనించి ఉంచాలి. నా చేతి మీద అమ్మ తన చెయ్యి పెట్టింది.

"ఎవరికన్న చెప్పినవా?" అంది.

"లేదమ్మా" అన్నాను.

ఇప్పుడు ఆ డబ్బాలు కొరియర్‌లో తెప్పించడం లేదు. హైదరాబాదులో ఉన్న మా మరిది కొని, ఆర్టీసీ బస్సులో పార్శిల్ వేస్తాడు. 2020 నుంచి ఆర్టీసీ వాళ్లే కార్గో నడుపుతున్నారు. కోదాడ బస్టాండుకు పోయి తెచ్చుకుంటాను. పండుగ నెలకు ముందే రెండు డబ్బాలు ఎక్కువ పెట్టుకుంటున్నాం.

నిన్న రాత్రి ఇదంతా అమ్మకు చదివి వినిపించాను. ఎనిమిది మంది ముందు చెప్పిన చోటుకు వచ్చేసరికి గొంతు ఆగింది. అమ్మ గోడ వైపు చూస్తూ కూర్చుంది. కోప్పడుతుందేమో అనుకున్నాను.

"సీలు కోసిన పిలగానికి జీతం కోసిన్రా?" అని అడిగింది.

నాకు తెలియదు. తర్వాత ఎప్పుడూ కనుక్కోలేదు.