చేతికి కట్టుకునే లాగరిథం

నాన్నది మా ఊరి బజారులో వాచీ రిపేరు కొట్టు. ఆ చలవేనేమో, ఇష్టమైన యంత్రం ఏదంటే మా మెకానికల్ వాళ్లందరూ బుల్లెట్ బండి పేరు చెప్తారు, నేను మాత్రం బ్రైట్‌లింగ్ నావిటైమర్ అంటాను. 1952లో పైలట్ల కోసం ఈ స్విస్ కంపెనీ తయారుచేసిన క్రోనోగ్రాఫ్ అది. ఫొటోల్లో చూడ్డమే, ధర జోలికి వెళ్లలేదు.

దాని డయల్ చుట్టూ చీమలబారులా అంకెలు. నిజానికి అది గుండ్రంగా చుట్టిన స్లైడ్ రూల్. లాగరిథంలో గుణకారం కూడిక అయిపోతుందని మనం చదివిందే. లోపలి స్కేలు కదలదు, బయటిది బెజెల్‌తో పాటు తిరుగుతుంది. విమానం గంటకు 210 కి.మీ. పోతోందనుకోండి. బయటి 21ని లోపలి 60కి ఎదురుగా పెట్టాలి. అప్పుడు లోపలి 20 ఎదురుగా 70 కనిపిస్తుంది. అంటే 20 నిమిషాల్లో 70 కి.మీ. ఇంధనం లెక్కా ఇంతే. అది 7నా, 70నా, 700నా అన్నది మాత్రం వాచీ చెప్పదు. పైలటే తేల్చుకోవాలి. నాకు బాగా నచ్చింది అదే. క్యాలిక్యులేటర్ చూపించిన పది అంకెలూ అలాగే దించేసే మనకి ఆ అలవాటు ఎప్పుడో పోయింది.

1962లో స్కాట్ కార్పెంటర్ భూమిని మూడుసార్లు చుట్టొచ్చినప్పుడు ఆయన చేతికి 24 గంటల డయల్ ఉన్న నావిటైమర్ ఉంది. అంతరిక్షాన్ని తట్టుకుంది కానీ, సముద్రంలో దిగాక ఉప్పునీటికి పాడైంది!

ఇక మీట నొక్కగానే ముల్లు ఎక్కడున్నా సున్నాకి ఎలా వస్తుంది? దాని ఇరుసుకి గుండె ఆకారంలో చిన్న బిళ్ల ఉంటుంది. బుల్లి సుత్తి దాన్ని నొక్కితే, అది తిరిగి తిరిగి పల్లం దగ్గరే ఆగుతుంది. లెక్కంతా ఆ ఆకారంలోనే ఉంది.

ఈ వీడియో నాన్నకి చూపించాను. ఇప్పుడు కొట్లో ఎక్కువగా సెల్లులు మార్చడమే పని. మూడుసార్లు చూసి, "వెంట్రుకవాసి తేడా వచ్చినా ముల్లు సున్నా మీద నిలవదురా. ఎవడో ఆకురాయి పట్టుకుని ఓపిగ్గా కూర్చున్నాడు" అన్నారు. ముప్పై ఏళ్లు అలా కూర్చున్న మనిషికే ఆ మాట తడుతుంది. కొట్టు ఇంకెన్నాళ్లుంటుందో తెలీదు. ఆ చూపు మాత్రం కొట్టుతో పాటు పోకూడదు.

అందుకే ఈ సెమిస్టర్‌లో ఆ గుండె బిళ్లని పదింతలు పెద్దగా గీసి త్రీడీ ప్రింట్ తీస్తున్నా. డ్రాయింగ్ నాది, అరగదీసి సరిచేసేది నాన్న.