జీతం పడ్డ డప్పు

సెక్స్ పిస్టల్స్ మొదటి కచేరీ 1975 నవంబర్‌లో, విడిపోయే ముందు చివరిది 1978 జనవరిలో. మధ్యలో ఒకే ఒక్క స్టూడియో ఆల్బమ్. అదే కాలంలో, 1977లో, క్లాష్ బ్యాండ్ సీబీఎస్ అనే పెద్ద కంపెనీతో ఒప్పందం మీద సంతకం పెడితే, పంక్ ఆ రోజే చచ్చిపోయిందని మార్క్ పెర్రీ తేల్చేశాడు. ఇంట్లో టైపు కొట్టి, జిరాక్స్ తీసి అమ్మే పత్రిక అతనిది. ఆఫీస్ క్యాబ్‌లో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడల్లా ఇలాంటివి చదువుతూ, ఆ పాటలు వింటూ ఉంటాను. పంక్ లోకంలో 'అమ్ముడుపోయాడు' అన్నదే అన్నిటికన్నా పెద్ద తిట్టు. ఆ తిట్టు మా అన్నకు తగులుతుందా అని చాలాసార్లు ఆలోచించాను. తగలదు.

అన్న అంటే సొంత అన్న కాదు, ఊరి వరస. మునుగోడు వైపు మా ఊరు. మాది పద్మశాలోళ్ళ వాడ, వాళ్ళది మాదిగవాడ. వాళ్ళ నాయిన చావులకు, జాతర్లకు డప్పు కొట్టేవాడు. కూలి ఏంటంటే ఇంత కల్లు, ఇన్ని గింజలు. పైసలు ఎవరైనా ఇస్తే ఇచ్చినట్టు.

2009 నవంబర్ 29న ఎల్బీనగర్‌లో శ్రీకాంతాచారి ఒంటికి నిప్పు పెట్టుకున్నాడు. మా జిల్లా పిల్లగాడే, పొడిచేడు వాళ్ళది. డిసెంబర్ 3న పోయాడు. నేనప్పుడు ఇంజనీరింగ్ రెండో ఏడు. కాలేజీ బంద్ అయి ఇంటికొచ్చేసరికి ఊళ్ళో ఒక టీం తయారైంది. ఆరుగురు. రెండు డప్పులు, ఒక డోలక్, కాళ్ళకు గజ్జెలు, భుజం మీద గొంగడి. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం అప్పటికే అన్ని జిల్లాలూ తిరిగింది కాబట్టి ఆటా పాటా ఎలా నడపాలో అందరికీ తెలుసు. లండన్‌లో మూడు కార్డులు వస్తే చాలు, బ్యాండ్ పెట్టుకోండి అన్నారట. ఇక్కడ ఆ మూడు కూడా అక్కర్లేదు. బతుకమ్మ బాణీ రానివాళ్ళు ఎవరున్నారు?

విజయవాడ హైవే మీద వంటావార్పు జరిగితే వీళ్ళే. 2011లో సకల జనుల సమ్మె 42 రోజులూ వీళ్ళే. కానీ నాకు బాగా గుర్తున్నది హైవే కాదు. ఏ దొడ్డి గుమ్మం ముందు వాళ్ళ నాయిన చెప్పులు చేతబట్టుకుని నడిచాడో, ఆ గుమ్మం ముందే అన్న చెప్పులేసుకుని నిలబడి డప్పు కొట్టాడు. గడ్డి మంట మీద కాగిన డప్పు అది, ఒక్కో దెబ్బకు గుండె అదిరేది. ఇంటాయన బయటికొచ్చి చప్పట్లు కొట్టాల్సి వచ్చింది. ఉద్యమం కదా మరి.

వాళ్ళ పాటలన్నీ సొంతం కావు. గోరటి వెంకన్న పాటలు, గద్దర్ పాటలు ఉండేవి. సొంతంగా కట్టినవి నాలుగైదు. వాటిలో గట్టిది ఫ్లోరైడ్ నీళ్ళ పాట. తాగేనీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటారు. మునుగోడు, మర్రిగూడ బోర్లలో అది ఏనాడో దాటింది. నా పళ్ళ మీద కూడా గోధుమరంగు చారలున్నాయి, అందుకే టీం ఫోటోల్లో నోరు మూసుకునే నవ్వుతాను. ఆ పాటను అన్న ఉయ్యాల బాణీలో కట్టాడు. వంగిపోయిన నడుములతో ముసలోళ్ళు ముందు వరసలో కూర్చుని వినేవాళ్ళు. ఎవరూ ఏడవలేదు. తలలూపారు, ఎవరో తమ సంగతి సరిగ్గా చెప్తున్నట్టు.

మా జిల్లాలో పాటకు ఇంతకు ముందు దొరికిన బహుమానాలు వేరు. సుద్దాల హనుమంతు సాయుధ పోరాటం రోజుల్లో గొల్లసుద్దులు, బుర్రకథ పట్టుకుని దొరల మీద పాడాడు. భువనగిరిలో మిల్లు కార్మికురాలిగా పనిచేసి తెలంగాణ పాటకు గొంతైన బెల్లి లలితను 1999 మే నెలలో చంపి, 17 ముక్కలు చేశారు. అందుకే ఇక్కడ జీతాన్ని చిన్నచూపు చూసే హక్కు నాలాంటి నెలజీతగాడికి లేదనుకుంటాను.

2014లో రాష్ట్రం వచ్చింది. రసమయి బాలకిషన్ మానకొండూరు ఎమ్మెల్యే అయ్యారు, కొత్తగా పెట్టిన తెలంగాణ సాంస్కృతిక సారథికి ఛైర్మన్ అయ్యారు. 550 మంది కళాకారులకు ఉద్యోగాలు. అందులో అన్న ఒకడు. ఆరుగురిలో ఉద్యోగం వచ్చింది అతనికొక్కడికే. టీం అక్కడే చీలింది. తిట్టుకోలేదు, పిలుచుకోవడం మానేశారు, అంతే. డోలక్ కొట్టేవాడు హైదరాబాద్‌లో క్యాబ్ తోలుతున్నాడు. ఇంకొకడు చౌటుప్పల్‌లో ప్లాట్లు అమ్ముతున్నాడు. మిగతావాళ్ళ సంగతి చెప్పుకునేంత ఏం లేదు.

మొదటి జీతం పడ్డ నెల అన్న వాళ్ళ నాయినను బ్యాంకుకు తీసుకుపోయి పాస్‌బుక్ ప్రింట్ తీయించి చూపించాడట. చదువు రాని మనిషి, అంకెల మీద వేలు పెట్టి చూశాడట. డప్పుకు పడిన పైసలు. క్లాష్‌కు సీబీఎస్ ఇచ్చింది లక్ష పౌండ్లు. ఈ రెండిటినీ ఒకే మాటతో తిట్టడం నాకు చేతకాదు.

2015 జూన్‌లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ ఆవిష్కరించారు. తర్వాత కొన్నాళ్ళకు కళాజాతతో అన్న మా ఊరొచ్చాడు. అదే ఉయ్యాల బాణీ, కొత్త మాటలు. నల్లా నీళ్ళ మీద పాట. నాకు కడుపులో ఏదోలా అయింది. పక్కన కూర్చున్న ముసలామెతో, 'ఇది మన ఫ్లోరైడ్ పాట బాణీనే గద అవ్వా' అన్నాను. 'నీళ్ళొచ్చినయి గదరా కొడుకా, ఇంగ దాన్నేం పాడుతరు' అంది. ఆమె నడుము ఆ పాట కాలంలో వంగింది, నీళ్ళు వచ్చాక లేవలేదు. అయినా మాట నిజం. నీళ్ళు వచ్చాయి. ఒక పాట గెలిస్తే ఇలాగే ఉంటుందేమో, దాని పని అయిపోతుంది.

నాకు పేచీ ఉన్నది వేరే చోట. జీతం పాటకు పడలేదు, పాట ఎవరి మీద అన్నదాన్ని వదులుకున్నందుకు పడింది. హరితహారం మీద పాడొచ్చు, చెరువు పూడిక మీద పాడొచ్చు. చౌటుప్పల్ చుట్టూ ఫార్మా కంపెనీల కాలుష్యం మీద ఊళ్ళు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నాయి, దాని మీద పాడే టీం మా వైపు లేదు. ఉద్యోగం రాని ఐదుగురైనా పాడొచ్చు కదా అంటే, వాళ్ళకు పాట అంటేనే రాని ఉద్యోగం గుర్తొస్తుంది. గొంతున్నవాడికి సెలవు లేదు, సెలవున్నవాడికి గొంతు పోయింది. 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారింది. పథకాల పేర్లు మారాయి, పాటల్లో ఆ పేర్ల చోట కొత్త పేర్లు సర్దుకున్నాయి. కోడ్‌లో వేరియబుల్ పేరు మార్చినట్టు.

పోయిన దసరాకు కలిస్తే అడిగాను, సొంతంగా ఏమైనా కడుతున్నావా అని. జవాబు చెప్పలేదు. రాత్రి పదకొండుకు వాట్సాప్‌లో ఒక ఆడియో పంపాడు. కంపెనీల మీద పాట. డప్పు లేదు, ఉత్త గొంతే, అదీ లోగొంతుక. వెనక ఎక్కడో కుక్క మొరుగుతోంది. రెండు నిమిషాల పన్నెండు సెకండ్లు. దాని కిందే ఒక మెసేజ్: 'తమ్మీ, దీని గురించి రాసుకుంటే రాసుకో. పాట మాత్రం ఎవ్వలకు పంపకు.'